మా తెలుగు అయ్యవారి మీద నేను రాసిన వ్యాసం

మొన్న ఆదివారం మా అమ్మాయి తెలుగు వాచకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అందులో ఒక మంత్రి ఉన్నాడు. ఆ మంత్రి పాత్రను వివరిస్తూ పదిహేను పంక్తులు రాసుకుని రమ్మని వాళ్ల టీచరు చెప్పిందట.

"చెడ్డవాడే నాన్నా, అందులో డౌటు లేదు. ఎట్టా మొదలుపెట్టాలో చెప్పు చాలు" అంది.

నేను చెప్పలేకపోయాను. వాళ్లమ్మను అడగమని చెప్పి వసారాలోకి వచ్చి కూర్చున్నాను. ఒక మనిషి చెడ్డవాడని కాగితం మీద రుజువు చేయడం ఎంత తేలికో నాకు తెలుసు. ఒకసారి చేశాను.

ఉదయగిరి వైపు కాస్త వయసు మళ్లినవాళ్లు ఇప్పటికీ ఒక తెలుగు అయ్యవారి సంగతి చెప్పుకుంటారు. ఆయన పెళ్లాన్ని పుట్టింట్లో వదిలేసి, అనుమసముద్రంపేటలో ఒక ఆడమనిషిని పెట్టుకున్నాడని, ఆ గుట్టు బయటపడి బడిలోంచి పంపేశారని. చెప్పేవాళ్లు నవ్వుతూ చెబుతారు, వినేవాళ్లూ నవ్వుతారు. కొన్నిసార్లు ఆ వినేవాళ్లలో నేనూ ఉన్నాను, నవ్వాను కూడా. అందులో నిజం లేదు. ఆ కథ కట్టింది నేను. అప్పటికి నాకు పదిహేనేళ్లు.

అప్పట్లో మా వైపు కొత్త మొహం కనిపిస్తే మంచినీళ్లు ఇచ్చే ముందు ఏ ఊరని అడిగేవాళ్లు. నీళ్లు తాగాక మళ్లీ అడిగేవాళ్లు, రెండు జవాబులూ ఒకటేనా కాదా అని. కొండ మీది కోటలో ఎవరో దాక్కున్నారని ఒకసారి, సీతారామపురం అడవిలో ఎవరో తిరుగుతున్నారని ఇంకోసారి పోలీసులు వచ్చి బస్సుల్లో మూటలు విప్పించేవాళ్లు. వాళ్లకు దొరికేవి చింతపండు, సజ్జలు, అత్తగారింటికి పోతున్న కోడళ్ల చీరలు. దొరకనిది ఎక్కడో ఉండే ఉంటుందని జనం మరింత గట్టిగా నమ్మేవాళ్లు.

మా పెదనాయనకు అనుమానించడానికి పోలీసులు అక్కర్లేదు. నేతికుండలో నెయ్యి ఎంతవరకు ఉందో గోటితో గీత పెట్టేవాడు. గింజల గది తలుపుకు అడ్డంగా నూలుపోగు కట్టి, తెల్లారగానే అది తెగిందా లేదా చూసుకునేవాడు. ఎవరైనా తనను పొగిడితే ఆ రోజంతా వాడికి ఏం కావాలో అని ఆలోచిస్తూ కూర్చునేవాడు. "వీడు పుట్టిన పూట మంత్రసానిని గూడా ఎగాదిగా చూసినాడు" అని మా అవ్వ అనేది. ఆయన ఆమె కొడుకే. మా నాయన నా చిన్నప్పుడే పోయాడు కాబట్టి ఇంటికి పెదనాయనే పెద్ద. చుట్టుపక్కల రైతులు కలిసి నడిపే మా బడి కమిటీకి కూడా ఆయనే పెద్ద. ఆ బడి ఇప్పుడు లేదు. పెంకులు కూడా ఎవరో దింపుకుపోయారు.

బడి పక్కనే కొయ్య గరిటెలు చెక్కేవాళ్ల కొట్టం ఉండేది. మాకు పాఠం నడుస్తున్నంతసేపూ పచ్చి చెక్క వాసన, ఉలి చప్పుడు వచ్చేవి. మధ్యాహ్నం సజ్జరొట్టె, చింతకాయ పచ్చడి మూటలు విప్పితే ఆ చెక్క వాసనతో కలిసి ఒక ఆకలి వాసన పుట్టేది. అది మళ్లీ నాకు ఎక్కడా తగల్లేదు. ఆశ్వయుజం వస్తే కొండ మీది సీతాఫలాలు. కాయలు దొంగతనంగా కోసి బడి వెనక గడ్డివాములో మాగబెట్టేవాళ్లం. ఒకడు పెట్టింది ఇంకొకడు తినేస్తాడని తలా ఒక గుర్తు గీసేవాళ్లం. నా కాయల మీద నేను రెండు గుర్తులు గీసేవాణ్ణి. ఒకటి అందరికీ కనిపించేది, ఒకటి నాకే తెలిసేది. పెదనాయన పెంపకం.

తెలుగు అయ్యవారు ఆ ఏడు వానల ముందు వచ్చాడు. నలభై దాటని మనిషి, సన్నగా, కొంచెం ముందుకు వంగి నడిచేవాడు. సంవత్సరం చూసి ఉద్యోగం ఖాయం చేస్తామని కమిటీ చెప్పింది. అగ్రహారం వీధిలో ఒక ముసలమ్మగారి ఇంట్లో ఒక గది తీసుకున్నాడు. భార్య పుట్టింట్లో ఉందన్నాడు. ఎప్పుడొస్తుందని అడిగితే మాట మార్చేవాడు.

ఆయన పాఠం చెప్పే పద్ధతి అంతకు ముందు మేము చూసింది కాదు. మాకు పాఠ్యంగా ఒక పాత కావ్యం ఉండేది. మా మునుపటి అయ్యవారు దానిని ప్రతిపదార్థం చెప్పి వల్లెవేయించేవాడు. ఈయన మాత్రం ప్రతి శుక్రవారం ఆఖరి గంటలో అందులోంచి ఒక మనిషిని తెచ్చి మా మధ్య నిలబెట్టేవాడు. ఒక పిల్లవాడు ఆ మనిషి పక్షాన, ఒకడు ఎదురుపక్షాన మాట్లాడాలి. నోటుపుస్తకంలో పేజీని నాలుగు గళ్లుగా గీయించేవాడు. ఆ మనిషి ఏం మాట్లాడినాడు, ఏం చేసినాడు, ఎక్కడ మాట్లాడాల్సి ఉండి ఊరకున్నాడు, ఇతరులు అతని గురించి ఏమన్నారు. నాలుగో గడిని చిన్నదిగా గీయమనేవాడు. "పక్కవాడి మాటకు అంతకన్నా చోటు ఇవ్వబాకండి" అనేవాడు. ఏం చెప్పినా దానికి ఆధారమైన పద్యం చూపించాలి. చూపించలేకపోతే కూర్చోవాలి.

ఆ నాలుగు గళ్లు నన్ను పట్టుకున్నాయి. ఇంట్లో పెదనాయన నూలుపోగుతో చేసేది ఇక్కడ పద్యంతో చేయవచ్చని నాకు అర్థమైంది. ఒక్కొక్క పాత్రనూ బోనులో నిలబెట్టి ఆడించేవాణ్ణి. రెండు నెలల్లో నన్ను మించినవాడు క్లాసులో లేడు.

నా పక్కన కూర్చునేవాడు అనుమసముద్రంపేట పిల్లవాడు, మేం పేటవాడనే పిలిచేవాళ్లం. వాళ్ల నాయనకు అక్కడ దర్గా ముందు పూలు, సాంబ్రాణి, చక్కెర అమ్మే అంగడి ఉంది. వాడు ఉదయగిరిలో వాళ్ల మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేవాడు. నెమ్మదస్తుడు. సీతాఫలాల మీద గుర్తు గీసేవాడు కాదు, ఎవరిది దొరికితే వాళ్లను అడిగి తినేవాడు.

ఒక శుక్రవారం చెలికత్తె వంతు వచ్చింది. కథలో రాజు యుద్ధానికి పోయి ఉంటాడు. కోటలో రాణి జబ్బుపడి, రాజుకు కబురు రాసి చెలికత్తె చేతికిస్తుంది. ఆ కబురు రాజుకు చేరదు. ఆయన తిరిగివచ్చేసరికి రాణి ఉండదు. చెలికత్తె దానిని ఎందుకు పంపలేదో కవి చెప్పలేదు. మొత్తం కావ్యంలో ఆమె నోరు విప్పి మాట్లాడేవి రెండే పద్యాలు. నేను ఎదురుపక్షం. పేటవాడు ఆమె పక్షం.

నేను అరగంట మాట్లాడాను. ఆమె రాణిగారి హారం ఒకసారి మెడలో వేసుకుని చూసుకున్న పద్యం చూపించాను. రాజు వచ్చినప్పుడల్లా తలుపు దగ్గరే నిలబడిందని చూపించాను. రాణి పోయినప్పుడు అందరూ ఏడ్చారు, పంజరంలో చిలుక కూడా ఏడ్చింది, ఈమె ఏడ్చినట్టు ఒక్క మాట లేదని చూపించాను. పిల్లలు బల్లలు చరిచారు. పేటవాడు లేచి మెల్లగా చెప్పాడు. ఆమె ఏడవలేదని కవి అనలేదు, ఆమె వైపు చూడలేదంతే. ఇంకా ముందు ఒక పద్యంలో రాణి, యుద్ధంలో ఉన్న రాజుకు ఏ దిగులూ చేరనివ్వవద్దని చెబుతుంది. అప్పుడు పక్కన వింటున్నది ఈ చెలికత్తే. ఆ మాట ఒకటి, ఈ కబురు ఒకటి, ఆ పిల్ల దేన్ని పాటించాలి అని అడిగి కూర్చున్నాడు.

అయ్యవారు నావైపు తిరిగాడు. "ఆ పద్యం నువ్వు చదివినావా?"

చదివానన్నాను.

"మరి చెప్పలేదే?"

అది ఎదుటి పక్షంవాడు చెప్పుకోవాల్సిందన్నాను. పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"నీకు తెలివుండాది నాయనా. అయితే తీర్పు ముందు రాసుకుని, దానికి సరిపోయే పద్యాలు ఏరుకొచ్చినావు. అడ్డమొచ్చిన దాన్ని దాటేసినావు. చదవడమంటే అది గాదు" అన్నాడు. గెలుపు పేటవాడికి ఇచ్చాడు.

ఇంటికి పోయే దారిలో గడ్డివాములో గుర్తు లేకుండా ఉన్న వాడి కాయలన్నీ తీసి గేదెలకు వేశాను. కడుపుమంట తగ్గలేదు. ఆ రాత్రి కాదు, ఆ వారం కాదు, ఎప్పుడో నాకే తెలియకుండా ఒక ఆలోచన మొదలైంది. ఈయన మమ్మల్ని అందరినీ నాలుగు గళ్లలో పెట్టి చూడమంటాడు గదా, ఈయన్ను పెడితే ఏమవుతుంది?

మొదటి గడిలో రాసుకోవడానికి వెంటనే దొరికింది. భార్య పుట్టింట్లో ఉందంటాడు, ఆమె దగ్గర్నుంచి ఉత్తరం ముక్క రాదని ఇంటామె మా అవ్వతో అన్నది. శనివారం ఒంటిపూట బడి. అయ్యేసరికి ఆయన సంచీ పట్టుకుని బస్సు దగ్గర ఉండేవాడు. అనంతసాగరంలో మా అక్క ఉంది, చూసి వస్తానంటాడు.

యుద్ధం రోజులు, పెట్రోలు దొరక్క ఆ బస్సు బొగ్గుతో నడిచేది. వెనక ఒక పొయ్యి, దానికి ఒక పిడి. క్లీనరు గంట ముందే వచ్చి పిడి తిప్పి మంట రాజేసేవాడు. మేం పిల్లలం వంతులేసుకుని తిప్పిపెట్టేవాళ్లం, అందుకు బదులుగా బస్సు కదిలాక ఊరి చివర దాకా వేలాడనిచ్చేవాడు. ఒళ్లంతా మసి, ముక్కులో పొగ. ఎత్తు వచ్చిందంటే బస్సు ఎక్కలేదు, మగవాళ్లంతా దిగి తోయాలి. అందులో ఎక్కడమంటే డబ్బిచ్చి కూలికి పోవడమని అవ్వ అనేది. ఒక శనివారం పిడి తిప్పుతూ క్లీనరును అడిగాను, మా అయ్యవారు ఎక్కడ దిగుతాడని. ఆత్మకూరులో దిగి పేట పోయే బండి ఎక్కుతాడన్నాడు. అనంతసాగరం దారి అది కాదు.

అక్కణ్ణుంచి నాకు ప్రతిదీ కనిపించసాగింది. ఆయన సంచీలో ఒకసారి కొబ్బరినూనె సీసా, చెక్క దువ్వెన. ఇంకోసారి కాగితంలో చుట్టిన గాజులు. సోమవారం పొద్దున పాఠం చెబుతూ వంగితే ఆయన ఉత్తరీయంలోంచి సాంబ్రాణి వాసన. ముంజేతుల మీద గోళ్ల గీతలు, ఒకసారి చెంప మీద కూడా. ముళ్లకంప గీసుకుందన్నాడు. అప్పుడే పేటవాడిని అడిగాను.

"మా అయ్యవారు మీ ఊరికి ఎందుకొస్తాడురా?"

"ఎవురెవురో వస్తారు. దర్గా గదా."

"నువ్వు చూసినావా లేదా?"

"చూసినా చెప్పను. అది నీకు, నాకు సంబంధం లేని పని" అన్నాడు. అంతవరకు వాడు నాతో అట్లా మాట్లాడలేదు. వీడూ ఇందులో ఉన్నాడనుకున్నాను. చెలికత్తె కేసులో గెలుపు వాడికి ఎందుకిచ్చాడో కూడా అప్పుడు తేలిపోయిందనుకున్నాను.

కార్తీకంలో అవ్వ మోకాళ్ల నొప్పులకు మొక్కుకున్నానని, పేట పోయి దర్గాలో మూడు నిద్రలు చేయాలని పట్టుబట్టింది. మా వైపు ఏ కులమైనా పోతారు. తోడు ఎవరని అంటే నేను పోతానని ముందుకొచ్చాను. మా అవ్వ మురిసిపోయింది. నేను ఎందుకు పోతున్నానో ఆమెకు తెలియదు.

గురువారం చేరాం. పూల వాసన, సాంబ్రాణి పొగ, బొరుగులు వేయించే ఇసుక వాసన, జనం. దర్గా చుట్టూ తాటాకు వసారాల్లో నెలల తరబడి ఉండేవాళ్లు చాలామంది కనిపించారు. కొందరు ఊగుతూ, కొందరు తమలో తాము మాట్లాడుకుంటూ ఉన్నారు. మనసు చెదిరినవాళ్లను అక్కడికి తెచ్చి పెట్టుకుంటారని అవ్వ చెప్పింది. "దేవుడి దగ్గర ఉంటే తగ్గుతాదని తెస్తారు నాయనా. కొందరికి తగ్గుతాది" అంది.

శనివారం పొద్దున అవ్వ చదివింపుల చక్కెర పంచుతూ ఒక వసారా దగ్గర ఆగింది. అక్కడ ఒక స్త్రీ స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లుంటాయేమో. మంచి మనిషి, మంచి చీర, జుట్టు మాత్రం చిక్కుపడి ఉంది. పక్కన ఒక ముసలామె కాపలాగా విసనకర్ర పట్టుకుని ఉంది. అవ్వ చక్కెర చేతిలో పెడితే ఆమె అది తినకుండా పిడికిలి మూసుకుని నావైపు చూసింది.

"ఈ పొద్దు శనివారమా?" అని అడిగింది.

అవునన్నాను. ఆమె నవ్వింది. అప్పుడే నేను ఆమె పాదాలు చూశాను. ఎడమ కాలికి గొలుసు ఉంది. ఇంకో కొస స్తంభానికి. లేచి చెరువు వైపు పరుగెత్తుతుందని, అందుకే కట్టామని ముసలామె అవ్వతో చెప్పింది. అవ్వ కళ్లు తుడుచుకుంది. నేను నిలబడి చూస్తూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున అవ్వ నిద్రపోతుంటే నేను అటువైపు పోయాను. అదే వసారాలో మా అయ్యవారు. ఆమె వెనక కూర్చుని తల దువ్వుతున్నాడు. నూనె రాసి, ఒక్కొక్క చిక్కూ వేళ్లతో విడదీస్తున్నాడు. ఆమె ఏదో పాటలాగా అంటోంది. ఉన్నట్టుండి వెనక్కి తిరిగి ఆయన చెయ్యి పట్టుకుని రక్కింది. ఆయన చెయ్యి లాక్కోలేదు. ఆమె వదిలేదాకా ఆగి, మళ్లీ దువ్వెన అందుకున్నాడు. పట్టపగలు, పదిమంది తిరిగే చోట, మగవాడు ఆడమనిషి తల దువ్వడం నేను పుట్టి చూడలేదు. నేను పూల బుట్టల చాటున ఉన్నాను. ఆయన నన్ను చూశాడని అప్పుడు అనుకోలేదు.

ఇంతవరకు చెప్పింది చదివినవాళ్లకు సంగతి తెలిసిపోయి ఉంటుంది. నాకూ తెలిసింది. అదే ఇవాళ ఒప్పుకోవాల్సింది. ఇన్నేళ్లుగా, చిన్నతనం, తెలియక చేశాను అని నాకు నేను చెప్పుకున్నాను. తెలియక కాదు. ఆ పూలబుట్టల చాటున నాకు అంతా తెలిసింది. తెలిసిన మరుక్షణం, ఇన్ని వారాలు కూడబెట్టిన నా నాలుగు గళ్లూ వృథా అయిపోతాయని బాధ కలిగింది.

ఇంటికొచ్చి నోటుపుస్తకంలో వ్యాసం రాశాను. పైన 'ఒక పాత్ర' అని పెట్టాను. ఊరు రాశాను, పేరు రాయలేదు. రాయనవసరం లేకుండా రాశాను. మాట: అక్క ఇంటికని చెప్పి ఇంకొక దారిలో పోవడం. చేత: గాజులు, నూనె, దువ్వెన, ఆమె తల దువ్వడం. మౌనం: భార్య ఎప్పుడొస్తుందంటే మాట మార్చడం. ఇతరులు: ఆ స్త్రీ శనివారం కోసం కాచుకుని ఉండటం, ఆమె అడిగిన మాట ఉన్నదున్నట్టు. గోళ్ల గీతలకు రసికత్వం అంటగట్టాను. అది తప్ప అందులో ఒక్క అబద్ధం లేదు. గొలుసు మాత్రం లేదు. దర్గాకు అట్లాంటివాళ్లను తెస్తారన్న మాట లేదు. అంత బాగా నేను ఆ తర్వాత ఏదీ రాయలేదు.

అయ్యవారికి ఇవ్వలేదు. పెదనాయన పొద్దున్నే పళ్లు తోముకుని కూర్చునే అరుగు మీద, మర్చిపోయినట్టు వదిలేసి బడికి పోయాను. మా ఇంట్లో ఆయన విప్పి చూడని కాగితం ఉండదు.

కమిటీ ఆ ఆదివారం పొద్దున బడి వసారాలో కూర్చుంది. ఐదుగురు రైతులు, నులకమంచాల మీద. మార్గశిరం చలి, అందరూ దుప్పట్లు కప్పుకుని ఉన్నారు. నన్ను పెదనాయన పక్కన నిలబెట్టారు. పేటకు పోకుండా ఆ వారం ఆగమని కబురు పెట్టడంతో అయ్యవారు వచ్చాడు. ఆయనకు కుర్చీ వేశారు, కూర్చోలేదు. పెదనాయన కమిటీలో ఒకరి చేత నా వ్యాసం మొదటి నుంచి చివరిదాకా చదివించాడు. చదివినవాడు రసికత్వం దగ్గర గొంతు సవరించుకున్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఇది మీ గురించేనా అయ్యవారూ?" అన్నాడు పెదనాయన.

"నా గురించే."

"ఆ మడిసి ఎవురు?"

"నా భార్య."

మంచాల మీద కదలిక. పెదనాయన తల ఊపాడు, ఎవరైనా అదే అంటారన్నట్టు. "భార్య పుట్టింట్లో ఉండాదని మీరే గదా చెప్పింది. భార్యే అయితే ఇంట్లో పెట్టుకోక దర్గా కాడ ఎందుకు పెట్టినారు?"

అయ్యవారు నోరు తెరిచాడు. ఆ ఐదుగురి మధ్య, ఆ నవ్వు తర్వాత, ఆమెకు మనసు చెదిరిందన్న మాట అనడం ఆయన వల్ల కాలేదు. నావైపు తిరిగాడు. కోపం లేదు. శుక్రవారం క్లాసులో పద్యం చూపించమని అడిగేటప్పుడు ఉండే మొహమే.

"నాయనా, నువ్వు అంత దూరం వచ్చినావు. నిన్ను నేను చూసినాను. ఆమె కాళ్లు చూసినావా?"

నేను అవునంటే చాలు. తర్వాత ప్రశ్న ఎవరైనా అడుగుతారు, నేను చెబుతాను, అయిపోతుంది. కానీ అవునంటే, మరి ఎందుకు రాయలేదురా అని పెదనాయన అడుగుతాడు. ఆయన చెయ్యి నా భుజం మీద ఉంది. ఆ వారమంతా ఆయన నన్ను చూసి గర్వపడుతున్నాడు, నా జీవితంలో మొదటిసారి.

"చూడలేదయ్యవారా" అన్నాను.

ఆయన ఇంకా ఒక క్షణం నన్నే చూశాడు. "సరే" అన్నాడు. పుస్తకం ఒకసారి ఇవ్వమని అడిగి తీసుకున్నాడు. నిలబడే మొదటి పుట చదివాడు, జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి రెండు చోట్ల ఏవో దిద్దాడు. అలవాటు కొద్దీ దిద్దాడో, ఇంకెందుకో నాకు తెలియదు. తిరిగి నా చేతికిచ్చి మెట్లు దిగాడు. మర్నాటి బస్సులో వెళ్లిపోయాడు. ఎత్తు దగ్గర బస్సు ఆగితే ఆయన కూడా దిగి తోశాడని క్లీనరు చెప్పాడు.

ఎవరూ నన్ను ఏమీ అనలేదు. తెలివైనవాడన్నారు. మరుసటి ఏడు వచ్చిన అయ్యవారు మళ్లీ వల్లెవేయించడం మొదలుపెట్టాడు. పేటవాడు నా పక్క నుంచి లేచి వెనక బెంచీకి పోయాడు. పరీక్షలయ్యేదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. అవ్వకు మాత్రం ఎవరో వ్యాసం సంగతి చెప్పినట్టున్నారు. ఒక మధ్యాహ్నం నాకు సంగటి పెడుతూ, "నువ్వు ఆ పొద్దు నా పక్కనే ఉన్నావు గదరా" అంది. అంతే. పెదనాయనతో ఆమె ఎందుకు చెప్పలేదో నాకు తెలియదు. నా కోసమే అయి ఉండాలి.

తర్వాత నాకు ఆత్మకూరులో ఉద్యోగమైంది. పేట పది పన్నెండు మైళ్లు. పందొమ్మిదేళ్లు పోలేదు. మూడేళ్ల కిందట ఆఫీసు పని మీద తప్పనిసరై పోయాను. దర్గా ముందు అదే అంగడి. గల్లా దగ్గర పేటవాడు, గడ్డం నెరిసింది. గుర్తుపట్టాడు. కూర్చోమని స్టూలు జరిపాడు, టీ తెప్పించాడు. అడగకముందే చెప్పాడు.

అయ్యవారు బడి పోయాక ఇక్కడికే వచ్చేశాడు. వసారా పక్కనే ఒక గుడిసె వేసుకుని, వచ్చేపోయేవాళ్లకు ఉత్తరాలు, అర్జీలు రాసిపెట్టేవాడు. తొమ్మిదేళ్లు ఆమెతోనే ఉన్నాడు. కాపలా ముసలామె అవసరం తీరిపోయింది, గొలుసు కూడా చాలాసార్లు తీసేసేవాడు, తనే పక్కన ఉంటాడు గనక. ఒక వానాకాలం ఆయన జ్వరంతో పడుకున్న పూట ఆమె చెరువు వైపు పోయింది. తర్వాత ఆయన ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. 

"నువ్వు ఆ రోజే చెప్పి ఉండొచ్చు గదరా. నీకు తెలుసు గదా" అన్నాను. అడగకూడని ప్రశ్న అని అడిగాక తెలిసింది.

"చెప్పబాకని నాతో ముందే ఒట్టు పెట్టించుకున్నాడు. బడిలో పిల్లకాయలు ఆమెను ఎక్కిరిస్తారని. ఆయన బయపడింది దానికే."

టీ గ్లాసు కింద పెట్టి అడిగాను, నా గురించి ఎప్పుడైనా అన్నాడా అని. వాడు ఎవరికో సాంబ్రాణి పొట్లం కట్టి ఇచ్చి వచ్చాడు.

"ఒకసారి నేనే తిట్టినా నిన్ను, ఆయన ముందర. తిట్టబాకన్నాడు. వాడు చూసినాడు, చూసినట్టు వాడికి తెలుసు, ఇంక మనం చెప్పేదేముంది అన్నాడు."

అది క్షమించినట్టా కాదా అని దారి పొడుగునా బస్సులో ఆలోచించాను. ఇప్పటికీ తేల్చుకోలేదు. పెదనాయన లేడు, కమిటీలో ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరికీ పోయి జరిగింది చెప్పాను. ఒకాయనకు వినపడలేదు. రెండో ఆయన అంతా విని, "అబద్ధం గాదులే, ఏదో ఉండాది" అన్నాడు. నేను అంత గట్టిగా రుజువు చేసి పెట్టాను మరి.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆ వ్యాసంలో మూడో పుటలో, ఆయన ఆమె తల దువ్వుతున్నాడన్న చోట, ఇంకొక వాక్యం ఉండాలి. ఆమె ఆయన భార్య, ఆమెకు మతి సరిగా లేదు, ఎడమ కాలికి గొలుసు ఉంది, అది ఒరుసుకోకుండా దాని కింద ఆయన ఉత్తరీయం చింపిన గుడ్డ చుట్టి ఉంది. నేను చూశాను.